ఎముకను చూసి గుండెను అడిగిన డాక్టరమ్మ

పెనుకొండలో పుట్టి, హిందూపురంలో వైద్యం చేసి, ధర్మవరం మగ్గాల వీధుల్లో ఇంటిమనిషైపోయిన డాక్టర్ జైబున్నీసా గారు మొన్న శుక్రవారం వేకువన కన్నుమూశారు. తుంటి ఎముక విరిగి ఆపరేషన్ అయిన ఆమెను ముందురోజు సాయంకాలమే నా చెయ్యి ఆసరాతో కిటికీదాకా నడిపించాను. ఎంతోకాలంగా నీరసించిన ఆ గుండె తెల్లారేసరికి ఆగింది. ఇంకా నమ్మలేకున్నాను.

తొంభైలలో నేను ఆమె దగ్గర జూనియర్‌గా చేరినప్పుడు, ఎముకలకో డాక్టరు, గుండెకో డాక్టరు అని దేహాన్ని పంచుకోవడమే పాండిత్యమనుకునేదాన్ని. ఆమె నడుంనొప్పికి తీసిన ఎక్స్‌రేను వెలుగుకు పెట్టి, వెన్నుపూసలు పలచబడ్డాయని చూసి ఊరుకునేవారు కారు. వాటి ముందు, గుండె నుంచి దిగే పెద్ద రక్తనాళాన్నీ వెతికేవారు. అక్కడ సున్నం పేరుకున్న తెల్లగీత కనిపించిందా, నాకు చీవాట్లే!

"చూడమ్మా, సున్నం ఉండాల్సిన తావున లేదు, ఉండగూడని తావున ఉండాది. ఉత్త నడుముకే మందు రాసిస్తే ఎట్ల?"

ధర్మవరంలో చీరలు నేసే లక్ష్మీదేవమ్మకు గుండెపోటు వచ్చి తగ్గింది. కొడుకులిద్దరూ పరమ మాతృభక్తులు. గుండెజబ్బు మనిషి కాలు కింద పెట్టకూడదని మంచం దిగనిచ్చేవారు కారు. ఆస్పత్రికి కుర్చీతో సహా మోసుకొచ్చేవారు. వీధంతా మెచ్చుకుంది, డాక్టరమ్మ తప్ప.

"నడిస్తే గుండె యాడ ఆగిపోతాదో అని భయం మేడం," అన్నాడు పెద్దకొడుకు.

"గుండెను కాపాడతామని ఎముకలు పోగొడతాండారు గదప్పా! కదలని ఎముక గుల్లబారతాది. రేపు పడి తుంటి విరిగితే, ఆ దెబ్బ మళ్లా గుండెకే."

చెప్పి వదిలెయ్యలేదు. ధర్మవరం వెళ్లినప్పుడల్లా తానే చెయ్యి పట్టుకొని, నాడి చూస్తూ, ఆయాసమొస్తే అరుగుమీద కూర్చోబెడుతూ వీధిలో నడిపించారు. జనం మగ్గాలు ఆపి మరీ చూసేవారు. కొన్నాళ్లకు లక్ష్మీదేవమ్మ మళ్లీ మగ్గంలో కూర్చుంది.

ఆ శుక్రవారం ఖననానికి జనాజా లేవకముందే ఆమె ఇంటి వాకిట్లో గుసగుసలు మొదలయ్యాయి. "గుండె బాగలేని మనిషిని నడిపిచ్చి చంపినారబ్బా." నాకు ఒళ్లు మండింది, అంతకుమించి దిగులు పుట్టింది. తనను లేపి నిలబెట్టమని పట్టుబట్టింది మా డాక్టరమ్మే. విరిగిన ఎముకా, అలసిన గుండే కలిసి ఆమెను తీసుకుపోయాయి గానీ నడక కాదు. అయినా ఈ మాట ఊళ్లు పాకితే ఎందరు తల్లులు మళ్లీ మంచాలకు అతుక్కుపోతారో!

అంతలో లక్ష్మీదేవమ్మ ఆటో దిగింది. ఏడ్చి ఏడ్చి వణుకుతోంది. గుసగుసలు ఆమె చెవినా పడ్డాయి. పెద్దకొడుకు ఎత్తుకోబోయాడు.

"ముట్టుకోవద్దు నాయనా. నన్ను నడిపిచ్చిన తల్లిరా ఈమె. ఈమె కాడికి మోయిచ్చుకొని పోదునా?"

జనం దారి ఇచ్చారు. ఆగుతూ, గోడ పట్టుకుంటూ, ఆ వృద్ధురాలు తన కాళ్లమీదే లోపలికి వెళ్లింది. నడకే చంపిందన్నవాళ్లు ఆమె నడకను చూస్తూ లేచి నిలబడ్డారు. నేను ఆమె వెనకే వెళ్లి మా గురువు పాదాల దగ్గర నిలబడి వెక్కివెక్కి ఏడ్చాను. అటువంటి వైద్యురాలు మా సీమకు మళ్లీ దొరకదు.