పేరు కొట్టని ఇల్లు

నా చిన్నప్పుడు నా చంకలో ఎప్పుడూ తమ్ముడు ఉండేవాడు. అందుకే నా చేతికి పలక రాలేదు. వాడు నడక నేర్చేసరికి నాకు కలుపు తీసే వయసొచ్చింది. పెళ్ళయి చిట్కుల్ వచ్చాక పటాన్‌చెరు ఫ్యాక్టరీ క్యాంటీన్‌లో రొట్టెలు చేశాను. చేసినన్నాళ్ళూ జీతం కాగితం మీద వేలిముద్రే వేశాను. మోకాళ్ళ నొప్పులతో పని మానేశాక, చంకనెత్తి పెంచిన ఆ తమ్ముడి కూతురే నన్ను కూర్చోబెట్టి అక్షరాలు దిద్దించింది. మందుల కంపెనీలో పని దొరికినప్పటి నుంచి ఆమె మా ఇంట్లోనే ఉంటోంది. ఈ సంగతి రాయాలని ఎప్పటి నుంచో ఉంది కానీ, రాసే చెయ్యి ఇప్పుడే వచ్చింది.

నేను పుట్టిన ఊరు హత్నూర దగ్గర. మా ఇంటికి రెండిళ్ళ అవతల మా అమ్మకు అక్క, మా పెద్దమ్మ, ఉండేది. ఆమెకూ పెద్దనాయనకూ పిల్లలు లేరు. మా అమ్మకు చెల్లెలైన చిన్నమ్మ, చిన్న వయసులోనే భర్త పోతే వాళ్ళ దగ్గరికి వచ్చి ఉండిపోయింది. పేరుకు చుట్టమే గానీ ఆ ఇల్లు ఆమె చేతుల మీదే నడిచేది. బర్రెలకు గడ్డి వేయడం, మడికి నీళ్ళు కట్టడం, పెద్దనాయన దగ్గితే లేచి మిరియాల కషాయం కాయడం, అన్నీ ఆమే.

పెద్దమ్మకు గిన్నెలంటే ప్రాణం. ఊళ్ళో ఎవరింట్లో పెళ్ళయినా ఆమె ఇత్తడి గిన్నెలు వెళ్ళాల్సిందే. ఒక ఎండాకాలం, గిన్నెల మీద పేర్లు కొట్టే ఆయన ఊళ్ళోకి వచ్చాడు. చిన్న ఉలి, చిన్న సుత్తితో టిక్కుటిక్కుమని చుక్కలు పేర్చి పేరు కొట్టేవాడు. పెళ్ళిళ్ళలో గిన్నెలు మారిపోకుండా అందరూ తమ పేర్లు కొట్టించుకున్నారు. పెద్దమ్మ మాత్రం ఇంట్లో ఉన్నవన్నీ అరుగు మీద పరిచి, ఒక్కోదాని మీద ఒక్కొక్కరి పేరు కొట్టమంది. తన తర్వాత అది ఎవరికి పోవాలో వాళ్ళ పేరన్నమాట. బిందె మా అమ్మకు, తాంబాళం పెద్దనాయన తమ్ముడి కొడుకులకు, పప్పు గిన్నె పక్కింటి అక్కకు. అన్నిటికన్నా పెద్దది, రెండు వైపులా కడియాలున్న గంగాళం, చిన్నమ్మకు. నాకు ఒక చిన్న చెంబు. నా వేలు పట్టుకుని ఆ చుక్కల మీద రాయించి, "గిది నువ్వే" అంది.

పెద్దనాయన గడపలో నిలబడి చూస్తున్నాడు. "ఏందే, ఇంట్లవన్ని ఊరోళ్ళ పేరు మీద చేస్తున్నవు? నా పేరు మీద ఒక్క చెంచ గూడ లేకపాయె."

"నువ్వు గూడ ఎవలకన్న పనికొస్తనంటే చెప్పు, నీ మీద గూడ కొట్టిస్త," అంది పెద్దమ్మ. అరుగు మీది ఆడవాళ్ళంతా పకపకా నవ్వారు.

పక్కింటి అక్క మాత్రం నవ్వలేదు. "బతికుండంగనే గీ పంచుడేంది పెద్దమ్మా? మంచిగుంటదా?"

"సచ్చినంక చెప్పేటందుకు నాకు నోరుంటదా?"

చివరి గిన్నె అయ్యాక ఆయన ఉలి తుడుచుకుంటూ, "ఇంకేమన్న ఉన్నయా అమ్మా?" అని అడిగాడు. పెద్దమ్మ వెనక్కి తిరిగి గోడ మీద చెయ్యి వేసింది. "ఇగ ఇల్లే మిగిలింది. అది మా చెల్లెది. దానికి పేరెందుకు, అందరికి ఎరుకనే గద." అక్కడున్నవాళ్ళంతా తలూపారు. పెద్దనాయన తమ్ముడి కొడుకులు కూడా అక్కడే ఉన్నారు, వాళ్ళూ తలూపారు.

ఆ తర్వాత కొన్నాళ్ళు ఊరికి అదొక వేడుక అయింది. పెద్దమ్మ తన గిన్నెల్లోనే వండుకునేది గానీ, పక్కింటి అక్క గోడ మీద నుంచి తొంగిచూసి, "నా గిన్నె మాడగొట్టకు పెద్దమ్మా, జెర మంచిగ తోము!" అని అరిచేది. మొదట భయపడిన మనిషే ఆమె.

ముందు పెద్దనాయన పోయాడు, ఏడాది తిరిగాక పెద్దమ్మ పోయింది. దినాలయ్యాక గిన్నెలన్నీ మళ్ళీ అరుగు మీదికి వచ్చాయి. చదువొచ్చినవాళ్ళు పేర్లు చదివారు, ఎవరివి వాళ్ళు తీసుకున్నారు. ఒక్క గరిటె దగ్గర కూడా పేచీ రాలేదు. అదంతా అయ్యాక పెద్దనాయన తమ్ముడి పెద్ద కొడుకు చిన్నమ్మ దగ్గరికి వచ్చాడు. తల వంచుకునే మాట్లాడాడు.

"పెద్దమ్మ అన్నది నిజమే చిన్నమ్మా, మేం గూడ ఇన్నం. కని కాయితం లేదు గద. కాయితం లేకుంటే పెద్దనాయన ఇల్లు మాకే వస్తదట."

అబద్ధమని ఎవరూ అనలేదు. ఆ రోజు తలూపినవాళ్ళంతా అక్కడే ఉన్నారు. చిన్నమ్మ తన రెండు చీరలు గంగాళంలో వేసుకుంది. దాన్ని అరుగు దించడానికి అతనే చెయ్యి వేశాడు. "పైలం చిన్నమ్మా, బరువుంటది," అన్నాడు. ఒక కడియం ఆమె, ఒక కడియం నేను పట్టుకుని మా ఇంటికి నడిచాం. ఆమె ఒక్కసారి కూడా వెనక్కి చూడలేదు.

మా ఇంట్లోనే ఉండి మా ఇంట్లోనే కన్నుమూసింది చిన్నమ్మ. ఎవరినీ ఒక్క మాట అనలేదు. వాన వచ్చినప్పుడు మాత్రం లేచి కూర్చునేది. "ఆ వంటింటి మూలకు పెంక జరిగింది. కురుస్తదో ఏమో," అనేది. తనది కాని ఇంటి పెంకు గురించి ఆమె పడిన దిగులు చూస్తూ నేను పెరిగాను.

మాకూ పిల్లలు లేరు. చిట్కుల్‌లో ఈ ఇల్లు నా జీతమూ ఆయన జీతమూ కలిపి కట్టింది, ఇద్దరి పేరు మీదా ఉంది. మా ఇద్దరి తర్వాత మేనకోడలికి ఇవ్వాలని ఆయనా అంటాడు, నేనూ అంటాను. రాయమంటే మాత్రం మాట దాటేస్తాడు. మొన్న సాయంత్రం మళ్ళీ అడిగాను.

"పిల్లలే లేరు మనకు, కొట్లాడేటోళ్ళెవలే? వీలునామా ఎందుకు?" అన్నాడు.

"చిన్నమ్మతోని గూడ ఎవ్వరు కొట్లాడలే."

"మా అన్న కొడుకులు మంచోళ్ళు."

"చిన్నమ్మను పంపినోళ్ళు గూడ మంచోళ్ళే."

ఆయన లేచి డాబా మీదికి వెళ్ళి, చిన్నమ్మ పోయాక నాకొచ్చిన, ఇప్పుడు నీళ్ళు పట్టి పెట్టే ఆ గంగాళం పక్కన కూర్చున్నాడు. నేను వెనకే వెళ్ళేసరికి దాని మీది చుక్కలను వేలితో తడుముతున్నాడు. కంపెనీ బస్సు దిగి వస్తున్న మేనకోడలు కింద గేటు తీసిన చప్పుడైంది. "గీ పిల్ల గంగాళం పట్టుకొని పోవద్దే," అన్నాడు.

మరునాడు పొద్దున్నే, ఎవరి భాగం వాళ్ళం రాయడానికి కూర్చున్నాం. సాక్షి సంతకాలకు కింది కిరాణా దుకాణం సేటునూ, ఎదురింటి మాస్టారునూ రమ్మన్నాం. నా భాగం ఆయన బతికున్నంత కాలం ఆయనకు, తర్వాత మేనకోడలికి అని రాశాను. ఆయనా తన భాగం అలాగే నాకు, నా తర్వాత మేనకోడలికి రాశాడు. నా అక్షరాలు పెద్దవి, పేజీ తొందరగా నిండిపోయింది. గిన్నెల సంగతి ఎక్కడని ఆయన అడిగాడు. వాటికి ఇంకో కాగితం తీసుకుంటానన్నాను. పెద్దమ్మ గిన్నెలతో మొదలుపెట్టింది. నేను ఇంటితో మొదలుపెట్టాను.