పొగ వాసన లేని కాఫీ

తిరువూరు మాణిక్యమ్మకు తన గేదెలంటే ఎంత గురో, జీపులో దిగే ఆఫీసర్లంటే అంత చులకన. పంతొమ్మిదొందల డెబ్బయ్యారులో వాళ్లు పరిశోధన అంటూ వచ్చి, ఆమె దొడ్లో గోబర్‌గ్యాసు గుంత తవ్వుతామన్నారు.

"పశువుల పాక పక్కన తవ్వండయ్యా, పేడ మోసేది నేను" అంది. ఆ చదువుల తల్లి బిడ్డలు వింటేనా? వచ్చే పెద్దలకు జీపు దిగగానే కనపడాలని రోడ్డు వారన తవ్వించారు. రోజూ తట్టలకు తట్టలు పేడ ఆవిడే అక్కడిదాకా మోసింది. గ్యాసు అంత పొడుగు గొట్టం దాటి వంటింటికి చేరేసరికి మంట మిణుగురు పురుగంత అయ్యేది.

ఒకరోజు పెద్దాఫీసరు వచ్చి అరుగు మీద కూర్చుని, గ్యాసు మీద కాఫీ పెట్టించమన్నాడు. గంటైనా నీళ్లు మరగలేదు. మాణిక్యమ్మకు ఒళ్లు మండి, గిన్నె పెరట్లోకి తీసుకెళ్లి పిడకల పొయ్యి మీద కాచి తెచ్చింది.

ఆయన గుక్కెడు తాగి, "చూశారా, పొగ వాసనే లేదు! రాసుకోండి" అన్నాడు. వెనకున్న వాళ్లు రాసుకున్నారు.

పొగకు ఎర్రబడ్డ కళ్లు కొంగుతో తుడుచుకుంటూ ఆవిడ ఖాళీ గ్లాసు అందుకుంది.

"మీకంటే మా గేదె నయం బాబూ! వాసన చూడందే కుడితిలో మూతి పెట్టదు."