బాంబెర్గ్‌లో లేని సందు

మాస్టారు పోయారని మంగళవారం పొద్దున ఆస్పత్రి నుంచి ఫోన్ వచ్చింది. వాళ్ళ ఫారంలో దగ్గరి బంధువు అన్నచోట ఆయన నా పేరు రాశారట. నేను ఆయనకి ఏమీ కాను. పదేళ్ళుగా అమెరికాలోని పార్సిప్పనీలో మా అపార్ట్‌మెంట్ కింది వాటాలో ఉన్న మనిషి ఆయన. ఆయన రాసినవి టైప్ చేసిపెట్టిన మనిషిని నేను. అంతే చుట్టరికం. ఫోన్ పెట్టేశాక నాకు ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. చదివేవాళ్ళకి ఈ మాట ముందే చెప్పడం మంచిది. పోయినవారి గురించి రాసేటప్పుడు ఉండాల్సిన శాంతం నా దగ్గర లేదు. ఉన్నట్టు నటిస్తే ఆయనే ఒప్పుకోరు.

మాస్టారిది గుంటూరు పక్కన మిరప పండించే ఊరు. భూగోళం చదివి, అరవైల్లో స్కాలర్‌షిప్ మీద పశ్చిమ జర్మనీ వెళ్ళి, బాంబెర్గ్ అనే పాత కెథీడ్రల్ పట్నంలో నాలుగేళ్ళున్నారు. అక్కణ్ణించి ఇక్కడికొచ్చి ఒక చిన్న కాలేజీలో జాగ్రఫీ చెప్పేవారు. ఏడాదికోసారి రెన్యూ చేసే ఉద్యోగం. పెళ్ళి చేసుకోలేదు. డ్రైవింగ్ కూడా నేర్చుకోలేదు. ఫుట్‌పాత్‌లు లేని మా రోడ్ల పక్కన గడ్డిలో గొడుగు పట్టుకుని నడుస్తుంటే పోలీసులు రెండుసార్లు ఆపి, కారు చెడిపోయిందా అని అడిగారు. "లేదు, కాళ్ళు బాగానే ఉన్నాయి" అని చెప్పి పంపేశారట.

నేను మా వారితో డెబ్బైల చివర్లో వచ్చాను. హయ్యర్ టైపింగ్ పాసయినదాన్ని కనక ఇంట్లోనే కూర్చుని కాలేజీ పిల్లల థీసిస్‌లు కొట్టేదాన్ని. ఒకరోజు కింది వాటా ఆయన మెట్లెక్కి తలుపు తట్టారు. మిషన్ చప్పుడు గురించి గొడవకొచ్చారనుకున్నాను.

"అమ్మాయ్, ఆ చప్పుడు నెల రోజులుగా వింటున్నాను. ఎక్కడా తడబాటు లేదు. నా పుస్తకం కొడతావా?" అన్నారు.

అలా బాంబెర్గ్ మా వంటింట్లోకి వచ్చింది. నేను కొడుతుంటే ఆయన ఎదురుగా కూర్చుని పెరుగన్నంలోకి పచ్చి ఉల్లిపాయ కొరుక్కుంటూ, నాకు అర్థంకాని చోటల్లా ఆపి చెప్పేవారు. "ముందు నీళ్ళెటు పోతున్నాయో చూడు. మనుషుల సంగతి తర్వాత" అనేవారు. గ్లాసులో వేలు ముంచి టేబుల్ మీద రెండు పాయలు గీసేవారు. రెగ్నిట్స్ అనే నది ఆ ఊళ్ళో రెండుగా చీలుతుంది. పడమటి పాయకి అవతల ఏడు కొండలు. ఒక కొండ మీద నాలుగు గోపురాల కెథీడ్రల్. అది బిషప్‌ల ఊరు. రెండు పాయల మధ్య ఉన్న లంక వర్తకులది. తూర్పున ఇసుక నేల కూరగాయలు పండించేవాళ్ళది, తోటల పేట. అక్కడ ఉల్లి, అతిమధురం తరతరాలుగా వేశారు. ఉల్లికాడ ఎదిగాక కాళ్ళకి చెక్కలు కట్టుకుని మడంతా తొక్కేవారట, సత్తువంతా గడ్డలోకి దిగాలని.

నాకు బాగా నచ్చింది టౌన్ హాల్ సంగతి. కట్టుకోవడానికి నేల ఇమ్మని ఊరివాళ్ళు అడిగితే బిషప్ అడుగు నేల కూడా ఇవ్వనన్నాడట. సరేనని వాళ్ళు నది మధ్యలో గుంజలు పాతి, మట్టి పోసి, తామే ఒక లంక చేసుకుని దానిమీద కట్టారట. ఇది ఊళ్ళో చెప్పుకునే కథ, ఆధారాల్లేవు అని మాస్టారు ఫుట్‌నోట్‌లో రాశారు. ఆధారం లేనిది ఉందని రాసే మనిషి కారు. తర్వాత జరిగింది చెప్పేముందు ఈ మాట మీకు తెలియాలి.

కెథీడ్రల్‌లో ఆ ఊరిని పైకి తెచ్చిన చక్రవర్తీ ఆయన భార్యా ఒకే సమాధిలో ఉన్నారు. పక్క పలకల మీద చెక్కిన బొమ్మల్లో ఒకచోట ఆ రాణి ఎర్రగా కాల్చిన నాగటి కర్రుల మీద నడుస్తూ ఉంటుందట. ఎవరో నింద వేశారు, శీలం నిరూపించుకోమన్నారు. ఆ పేజీ కొట్టినప్పుడు నేను సీతమ్మ పేరెత్తాను. మాస్టారు మాత్రం మరోటి చెప్పారు.

"ఆవిడ నడిచింది, నెగ్గింది, బాగానే ఉంది. ఆ నింద వేసినవాడి పేరు మటుకు ఎక్కడా చెక్కలేదమ్మాయ్. సమాధి చుట్టూ మూడుసార్లు తిరిగి వెతికాను."

ఆయన డిపార్ట్‌మెంట్ హెడ్ పేరు నేను కూడా ఇక్కడ రాయడం లేదు. నాకు మరో కారణం ఉంది. తన పేరు అచ్చులో చూసుకోవడమంటే అతనికి ఎంత ప్రాణమో నాకు తెలుసు. నా చేతిమీదుగా ఆ ముచ్చట తీరదు.

మొదట ఉల్లితోటల మీద మాస్టారు రాసిన వ్యాసం పోయింది. చదివి చెబుతానని హెడ్ తీసుకున్నాడు. మరుసటి ఏడు అది ఒక పత్రికలో అతని పేరుతో వచ్చింది. నేను కొట్టిన వాక్యాలే, కామాలతో సహా. మాస్టారు అడిగితే "మనం కలిసి మాట్లాడుకున్న విషయాలే కదా" అన్నాడట. ఉద్యోగం రెన్యూ చేసే సంతకం అతనిది. మాస్టారు అక్కడితో వదిలేసి వచ్చేశారు. ఆ రోజు కాలేజీ నుంచి నా కార్‌లో తీసుకొస్తుంటే దారంతా చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు.

తర్వాత హెడ్ మొత్తం పుస్తకమే ఇమ్మన్నాడు. రెన్యూవల్‌కి ముందు పైవాళ్ళకి చూపించాలన్నాడు. మాస్టారు వారం గడువు అడిగారు. ఆ వారంలో ఒక పటం కొత్తగా గీశారు. నన్ను ఒక్క పేజీ మళ్ళీ కొట్టమన్నారు.

నేను కొడుతూ కొడుతూ ఆగాను. "మిరప్‌గాసె ఏమిటి మాస్టారూ? గాసె అంటే సందు అని మీరే చెప్పారుగా. ఈ పేరు ఇదివరకు లేదే."

"కొట్టమ్మాయ్."

"మన మిరపేనా?"

"మన మిరపే." ఆయన నవ్వలేదు. బ్లేడుతో పెన్సిల్ చెక్కుతున్నారు. "నాలుగేళ్ళు ఆ ఊరి ప్రతి సందూ అడుగులేసి కొలిచాను. ఇవాళ నా పుస్తకంలో నా చేత్తోనే ఒక అబద్ధం పెడుతున్నాను. ఎవరికోసం పెడుతున్నానో అతను దీని జోలికి పోకపోతే వెంటనే తీసేస్తాను. ఇదివరకటి పేజీ దాచిపెట్టు."

తోటల పేటలో రెండు వీధుల మధ్య, లేని సందు ఒకటి, దానికి మూడు వాక్యాల చరిత్ర. పూర్వం అక్కడ కాపురమున్న మసాలా దినుసుల వర్తకుల ఇంటిపేరు మీద వచ్చిందని. నేను కొట్టాను. నా మిషన్ మీద కొట్టిన మొదటి అబద్ధం అదే.

ప్రతి హెడ్ చేతికి వెళ్ళింది, కానీ ఆ ఏడు ఉద్యోగం రెన్యూ కాలేదు. మరో ఏడాదికి పుస్తకం వచ్చింది, అట్టమీద హెడ్ పేరుతో. ముందుమాటలో "పటాలు గీయడంలో సాయపడిన విదేశీ సహాయకుడికి" కృతజ్ఞతలు.

మాస్టారు ఫిర్యాదు చేస్తే కాలేజీవాళ్ళు కమిటీ వేశారు. నేను కార్బన్ కాపీలు పట్టుకుని సాక్ష్యానికి వెళ్ళాను. పెళ్ళికి కొన్న పట్టుచీర కట్టుకున్నాను, గౌరవంగా ఉంటుందని. ఆ చీర కట్టుకుని వెళ్ళినందుకు ఇప్పటికీ నన్ను నేను తిట్టుకుంటాను.

హెడ్ నింపాదిగా చెప్పాడు. "నోట్స్ నావి. అతను రాసుకున్నాడు, ఈవిడ టైప్ చేసింది." తర్వాత నావైపు తిరిగాడు. "మీరు టైప్ చేసినదాంట్లో మీకు ఏమైనా అర్థమైందా?"

నది రెండు పాయలవడం దగ్గర మొదలుపెట్టాను. నా ఇంగ్లీషు తడబడింది. కమిటీలో ఒకాయన వాచీ చూసుకున్నాడు. హెడ్ చిరునవ్వు నవ్వి, "ఈవిడ చాలా మంచి టైపిస్ట్" అన్నాడు. అంతటితో నన్ను పంపేశారు. ఆ నవ్వు కోసమైనా నేను ఇది రాసేదాన్ని.

బయటికొచ్చాక మాస్టారిని నిలదీశాను. "సందు సంగతి ఎందుకు చెప్పలేదు?"

"తలుపులేసిన గదిలో చెబితే ఆ గదిలోనే పూడ్చేస్తారు. ఆగు."

రెండేళ్ళు ఆగారు. ఆ రెండేళ్ళూ ఒక మోటార్ క్లబ్ కౌంటర్‌లో కూర్చుని, సెలవులకి ఫ్లోరిడా పోయేవాళ్ళకి మ్యాపుల మీద మార్కర్‌తో దారి గీసిచ్చారు. అక్కడ కూడా నదులు దాటే చోట రెండు మాటలు ఎక్కువ చెప్పేవారట, వెనక లైను పెరిగిపోయేదట.

ఆ రోజుల్లోనే పక్క ఊరి బేకరీలో ఒకావిడ తగిలింది. రొట్టెలు తీసిచ్చే ఆవిడ ఇంగ్లీషు యాస విని మాస్టారు చటుక్కున బాంబెర్గ్ మాటలో ఏదో అన్నారు. ఆవిడ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. తోటల పేటలో పుట్టిన మనిషి. అక్కడి అమెరికన్ సైనిక శిబిరంలో పనిచేసిన సోల్జర్‌ని పెళ్ళి చేసుకుని వచ్చింది. అప్పట్నుంచి ప్రతి శనివారం మాస్టారిని బేకరీకి తీసుకెళ్ళడం నా పని. వాళ్ళిద్దరూ ఎవరి గుమ్మం పక్కన ఎవరి గుమ్మమో వరసగా చెప్పుకునేవారు.

టౌన్ లైబ్రరీలో హెడ్ పుస్తకం మీద ప్రసంగం ఉందని పేపర్లో పడింది. మాస్టారు బేకరీ ఆవిడతో అన్నది ఒక్కటే. "మీ ఊరి గురించి మాట్లాడతారు, రండి. తప్పుంటే చెప్పండి."

హాలు నిండింది. మేం వెనక కూర్చున్నాం. హెడ్ స్లైడ్లు వేశాడు. గోపురాలు, నది, టౌన్ హాల్. తర్వాత మాస్టారి చేతి పటం తెరంత పెద్దదిగా వచ్చింది. పుల్లతో చూపిస్తూ, మిరప్‌గాసె దగ్గర ఆగి, ఆ సందులో తాను స్వయంగా నడిచానన్నాడు. పక్కన మాస్టారి ఊపిరి వినిపించింది నాకు. పుస్తకంలో ఆ ముక్క లేదు. అది అతని సొంతం.

బేకరీ ఆవిడ లేచింది. "మా నాన్నతో ఉల్లిగంపలు మోస్తూ పెరిగాను అక్కడ. ఆ రెండు వీధుల మధ్య మా పెదనాన్న ఇంటి గోడ తప్ప ఏమీ లేదు. మీరు నడిచింది ఎక్కడ?"

"పాత సందండీ, ఇప్పుడు మూసేసి ఉండొచ్చు" అన్నాడు హెడ్.

"మూసేసిన సందులో మీరెలా నడిచారు?"

హాల్లో ఎవరో కుర్చీ కదిపారు. అప్పుడు మాస్టారు లేచి నిలబడ్డారు. గొంతు పెంచలేదు. "మిరప మా భాషలో మాట. మా ఊళ్ళో పండుతుంది. ఆ సందుని నేను పార్సిప్పనీలో, ఈ అమ్మాయి వంటింట్లో గీశాను. మిగతా పుస్తకం నేను బాంబెర్గ్‌లో రాశాను. రెండూ ఆయన తీసుకున్నారు."

నేను పైకే నవ్వాను. ఆపుకోవాలని కూడా అనిపించలేదు. తెర మీద వెలుగులో హెడ్ ముఖం పాలిపోవడం చూశాను, తృప్తిగా చూశాను. పుల్ల పటం మీదే ఉండిపోయింది, దించడం మరిచిపోయాడు. "నాకేం అర్థమైందో ఇప్పుడు అడగండి" అన్నాను. నా ఇంగ్లీషు ఆ ఒక్కసారి తడబడలేదు.

మర్నాడు పేపర్లో వచ్చింది. పబ్లిషర్ పుస్తకం వెనక్కి తీసుకున్నాడు. హెడ్ ఆ విద్యాసంవత్సరం ముగియకుండానే రిటైరయ్యాడు. ఇక్కడితో ఆపేస్తే బాగుంటుంది, కానీ ఆపను. మాస్టారికి ఉద్యోగం తిరిగి రాలేదు. అబద్ధం తీసేసి, దాచిన పాత పేజీ పెట్టి, పుస్తకం తన పేరుతో ఎంతమందికి పంపినా జవాబు ఒకటే. ఇందులో ఇంకెన్ని లేని సందులున్నాయో మాకెలా తెలుస్తుంది? ఆ ఉత్తరాలు నేనే చదివి వినిపించేదాన్ని. చూపు తగ్గింది అప్పటికి ఆయనకి.

ఒకసారి అడిగాను. "అలా చేసినందుకు బాధగా ఉందా మాస్టారూ?"

"పుస్తకం విషయంలో ఉంది. అతని విషయంలో లేదు."

ఈ దేశంలో నాకు ఊళ్ళు చూడడం నేర్పింది ఆయన. ఇప్పుడు కొత్త చోటికి డ్రైవ్ చేస్తే ముందు వంతెన ఎక్కడుందో చూస్తాను, కింద నీళ్ళెటు పోతున్నాయో చూస్తాను. కోపాన్ని తొందరపడి వృథా చేసుకోకూడదని నేర్పింది కూడా ఆయనే.

అంత్యక్రియలకి ముందురోజు హెడ్ ఫోన్ చేశాడు. గొంతు ముసలిదైంది. రెండు మాటలు మాట్లాడతాను, ఏళ్ళు గడిచాయి, ఇక ముగిద్దాం అన్నాడు.

"ఆయన గురించి ఏం చెబుతారు?" అని అడిగాను.

"గొప్ప ప్రతిభ ఉన్న మనిషని."

"అది ఎవరు రాసిచ్చారు?" అన్నాను. "రావద్దు" అని పెట్టేశాను.

అయినా వచ్చాడు. వర్షం పడుతోంది. ఫ్యూనరల్ హోమ్‌లో మేం పాతికమందిమి ఉన్నాం. మా వారు, మోటార్ క్లబ్ వాళ్ళు, పాత స్టూడెంట్లు, నా పక్కన బేకరీ ఆవిడ. అక్కడి మేనేజర్ వచ్చి నా చెవిలో అడిగాడు. "బయట ఒకాయన కార్‌లో కూర్చుని ఉన్నారు. పెద్దాయన. లోపలికి పిలవమంటారా?"

"వద్దు" అన్నాను.

లేచి గుమ్మం అద్దంలోంచి చూశాను. నల్ల కోటు, టై, చేతిలో మడిచిన కాగితం. నన్ను చూశాడు. చెయ్యి కారు తలుపు మీద వేశాడు కానీ తెరవలేదు, నేను తల ఊపితే దిగుదామన్నట్టు ఆగాడు. నేను ఊపలేదు. అక్కడే నిలబడ్డాను. వైపర్లు అటూ ఇటూ తిరుగుతున్నాయి. ఒకసారి అతని ముఖం స్పష్టంగా కనిపించేది, అంతలో నీళ్ళు దాన్ని చెరిపేసేవి, మళ్ళీ కనిపించేది.