చెల్లె చెవి ఆరిన ఎండాకాలం

ఏళ్లుగా నా గొంతులో ఒక అబద్ధం అడ్డం పడి ఉంది. రోజూ డైరీ రాసే అలవాటున్నా, దాన్ని అందులో కూడా రాయలేదు. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

మాది సిరిసిల్ల. ఇంట్లోనే బట్ట నేసే సాంచాలు. చెల్లెకు చిన్నప్పటి నుంచి ఎడమ చెవి కారేది. అమ్మ ఎల్లిపాయ నూనె కాచి పోసి దూది పెట్టేది. అయినా ఆమె సాంచాల చప్పుడును మించి నవ్వేది. నాకేమో నలుగురిలో నోరు పెగలదు. కోరుట్ల నుంచి మేనబావ నాకోసం పుస్తకాలు తెచ్చేవాడు. నా చేతిలో పెట్టి, పోయి చెల్లె పక్కన కూర్చునేవాడు. నేను పుస్తకం తెరిచి, ఒక్క పేజీ కూడా తిప్పకుండా వాళ్ల మాటలు వినేదాన్ని.

ఆ ఎండాకాలం చెల్లె చెవి కారడం ఆగింది. నయమైందని అమ్మ మురిసిపోయింది. తర్వాత జ్వరం, తలనొప్పి మొదలయ్యాయి. బావ తెచ్చిన ఆరోగ్య పుస్తకంలో నేను చదివే ఉన్నాను: కారే చెవి ఉన్నట్టుండి ఆరిపోయి తల నొస్తే, చీము మెదడు వైపు పోతుండవచ్చు, ఆలస్యం చేయకూడదు.

ఆ సాయంత్రం బావ వచ్చి ఉన్నాడు. మర్నాటి నుంచి నక్సలైటు అన్నలు బందు పిలిచారని, బస్సులు నడవవని అతనే చెప్పాడు. అమ్మ నన్ను వంటింట్లోకి పిలిచింది.

"దానికి నిజంగనే తల నొస్తాందా బిడ్డా? ఆఖరి బస్సుకు కరీంనగర్ తీస్కపొమ్మని మీ నాయినకు చెప్పాల్నా?"

"ఏం లేదమ్మా. బావ అచ్చిండు గదా, గారాలు వోతాంది."

"గంతేనంటవా?"

"గంతే."

తక్కువ మాట్లాడేదాన్ని కదా, నా మాట మీద అమ్మకు గురి. ఎందుకన్నాను? చెల్లె నుదుటి మీద బావ తడిగుడ్డ వేస్తుండగా చూశాను. అంతేనా? ఆ చిన్న గుడ్డముక్క కోసం, తెలిసి తెలిసీ, ఆమెను చావుకు వదిలేశానా?

బందు ముగిసేసరికి చెల్లె మనుషులను గుర్తుపట్టడం లేదు. హైదరాబాదులో తల గొరిగి, పుర్రెకు రంధ్రం చేసి మెదడులోని చీము తీశారు. కొంత కోలుకున్నాక చెవి వెనక పుచ్చిన ఎముకను తొలిచేశారు. బతికింది. కానీ వస్తువుల పేర్లు పోయాయి. దువ్వెన చూపి "గది... గది" అంటూ నా వైపు చూస్తుంది. నేను మాట అందిస్తాను. అక్కంటే ఇట్లా ఉండాలని చుట్టాలు మెచ్చుకుంటారు. ముందే తెస్తే ఏమయ్యేదని డాక్టరును అడగవచ్చు. నేను అడగలేదు.

నిన్న బావ జామకాయలు తెచ్చాడు. చెల్లె ఒకటి పట్టుకుని పేరు కోసం నా వైపు చూసింది. మాట నా నాలుక మీదే ఉంది. ఇవ్వలేదు. బావ నన్ను చూడనే లేదు. ఆమె పెదవులనే చూస్తూ ఓపికగా కూర్చున్నాడు. చాలాసేపటికి "జామ" అని ఆమే అన్నది. ఇద్దరూ నవ్వారు. అదే మంట మళ్లీ నా కడుపులో లేచింది.

క్షమించమని అడగను. ఆనాడు వంటింట్లో ఇవ్వాల్సిన జవాబు ఇక్కడైనా రాయాలి. అవునమ్మా, దానికి నిజంగనే తల నొస్తాంది. నాకు ఎరుకే.

రాశాను. గొంతు కొంచెం తెరుచుకుంది.