ఒంటి చేతి గ్రీజు గన్ను

మా ఆయనకు పక్షవాతం వచ్చి కుడి చెయ్యి పడిపోయింది. దవాఖానలో బతికించి పంపారు. బతికించారు సరే, ఇంటికొచ్చిన మనిషి గోడవైపు తిరిగి పడుకున్నాడు. అన్నం పెడితే తిన్నాడు, పెట్టకపోతే అడగలేదు. మాట కొంచెం తడబడినా వస్తుంది. ఆయనే రానివ్వలేదు.

సిద్దిపేటలో మాది మిల్లరు కిరాయికిచ్చే పని. స్లాబు వేసేటప్పుడు కంకర, ఇసుక, సిమెంటు డ్రమ్ములో వేసి తిప్పుతారే, అదే మిల్లరు. దాని బాగోగులు ఆయనవి, కిరాయికి తోలడం కొడుకుది. బెల్టులు, బేరింగులు, గ్రీజు డబ్బాలు తేవడం నా వంతు. మొదట్లో నాకు చదువు రాదు, డబ్బా మీది బొమ్మ చూసి తెచ్చేదాన్ని. ఒకసారి కంపెనీవాళ్లు బొమ్మ మారిస్తే ఉత్త చేతులతో తిరిగొచ్చాను. అప్పుడు పంతం పట్టి, మనవరాలి పక్కన కూర్చుని అక్షరాలు దిద్దాను.

ఒకనాడు కోహెడలో పని ముగించుకుని కొడుకు మిల్లరును ఇంటికి తెచ్చాడు. వాకిట్లో డ్రమ్మును ఖాళీగా తిప్పాడు. కీచుమంది. లోపలి నుంచి గొంతు వినబడింది.

"గ్రీజు కొట్టినవారా?"

"కొట్టిన బాపూ."

"ఏడ కొట్టినవ్? నీ నెత్తికా?"

నేను చెంగు నోట్లో కుక్కుకున్నాను. చాలా రోజులకు మా ఇంట్లో ఆయన ఒకర్ని తిట్టాడు.

వెంటనే ఆయన్ను పట్టుకుని నడిపించి మిల్లరు పక్కన కుర్చీలో కూర్చోబెట్టాం. బేరింగుల్లోకి గ్రీజు ఎక్కించే పాత గన్ను అందుకున్నాడు. దాన్ని ఒక చేత్తో పట్టుకుని ఇంకో చేత్తో మీట నొక్కాలి. ఎడమ చేత్తో మీట నొక్కితే గన్ను జారింది. మోకాళ్ల నడుమ ఇరికించుకున్నాడు. మళ్లీ జారింది.

"నన్ను లోపల పండవెట్టుండ్రి," అన్నాడు.

ఆ మాటకు నాకు భయమేసింది. ఈసారి గోడవైపు తిరిగితే ఇక ఇటు తిరగడు అనుకున్నాను. తెల్లారి పొద్దున్నే స్పేరుపార్టుల దుకాణానికి పోయాను. దుకాణం నడిపే భాయ్ మాకు ఎప్పట్నుంచో తెలుసు.

"భాయ్, ఒంటి చేత్తోని కొట్టే గ్రీజు గన్ను ఉందా?"

"బ్యాటరీది ఉందమ్మా. బటన్ ఒత్తితే చాలు, అదే కొడ్తది."

ఎత్తి చూశాను. పసిపిల్లంత బరువు.

"దీన్ని మోసేటందుకు ఇంకో మనిషిని పెట్టాలె."

అప్పుడు పిస్తోలులా పట్టుకుని వేళ్లతోనే మీట నొక్కేది తీశాడు. నేను కుడి చెయ్యి వెనక్కి పెట్టి, కొంగులో దోపుకుని, ఎడమ చేత్తో నొక్కాను.

"చెయ్యికేమైందమ్మా?"

"నా చెయ్యికేం కాలె. మా ఆయనది పడ్డది."

భాయ్ తన కుడి చెయ్యి కూడా వెనక్కి పెట్టుకుని ఇంకో గన్ను నొక్కి చూశాడు. "గిది బిర్రుగుంది, నొక్కుడు కష్టం, వద్దు," అని పక్కన పెట్టి మరొకటి తీశాడు. బోల్టుల కోసం వచ్చిన మేస్త్రీ మమ్మల్ని చూసి నవ్వాడు.

"ఏంది భాయ్, పోలీసోళ్లు ఇద్దరి చేతులు కట్టేసిన్రా?"

"నువ్వు గూడ ఎన్కకు పెట్టి నొక్కు, తెలుస్తది," అన్నాను.

అతనూ పెట్టాడు. ముగ్గురం కలిసి ఒకటి ఖాయం చేశాం. ముందర రబ్బరు పైపు ఉన్నదైతే ఎటైనా వంగుతుంది, సందుల్లోకి పోతుంది అన్నాడు భాయ్. మంచిదే కదా అని తెచ్చాను. అక్కడే పప్పులో కాలేశాం.

బేరింగు దగ్గర చిన్న ఇనుప మొన ఉంటుంది, నిప్పిలు అంటారు. గన్ను కొసను దానికి తగిలించి నొక్కితే గ్రీజు లోపలికి పోతుంది. ఆయన తగిలించాడు, నొక్కాడు. రబ్బరు పైపు మెలిక తిరిగి ఊడిపోయింది. గ్రీజంతా లుంగీ మీద పడింది. పైపును పట్టుకోవడానికి ఇంకో చెయ్యి కావాలి. దుకాణంలో మేం నొక్కి చూశాం గాని తగిలించి చూడలేదు.

"నువ్వు జర పట్టుకోరాదే," అన్నాడు నాతో. మెల్లగా అడిగాడు. ఆయన నన్ను అట్లా మెల్లగా ఎన్నడూ అడగలేదు. నాకు నచ్చలేదు.

"నేను పట్టుకోను."

"పట్టుకుంటే ఏమైతదే అవ్వా?" అన్నాడు కొడుకు.

"ఇయ్యాల పైపు పట్టుకుంట. రేపు గన్ను పట్టుకుంట. ఎల్లుండి మీ బాపు కుర్చీల కూసోని చూస్తుంటడు. చూసే మనిషి నాకెందుకు?"

ఆయన ముఖం మాడిపోయింది. మొరటు మాటే. అయినా వెనక్కి తీసుకోలేదు. గన్నును సంచిలో వేసుకుని మళ్లీ నడిచాను.

"గ్రీజు అంటినంక వాపస్ ఎట్ల తీస్కుంటనమ్మా?" అన్నాడు భాయ్.

"వాపస్ ఎవలు తీస్కొమ్మన్నరు? దీని ముక్కు మార్చు."

రబ్బరు పైపు విప్పి, వంగని ఇనుప పైపు బిగించాడు. కొసకు నిప్పిలును కరిచి పట్టుకునే మూతి పెట్టాడు. బయట ఎవరిదో ట్రాక్టరు ఆగి ఉంటే దాని నిప్పిలుకు తగిలించి చెయ్యి వదిలేశాను. గన్ను ఊడకుండా అట్లాగే నిలిచింది. నొక్కి కూడా చూస్తుంటే ట్రాక్టరు ఆయన చాయ్ తాగి వచ్చాడు.

"మంచిగనే కొడుతున్నవ్ పెద్దమ్మా, మిగిలినయిటికి గూడ కొట్టు," అన్నాడు.

ఇంటికొచ్చి గన్నులో గ్రీజు నింపాను. నింపడానికి రెండు చేతులు కావాలి. ఆ సంగతి నేనూ ఎత్తలేదు, ఆయనా ఎత్తలేదు.

తగిలించాడు. చెయ్యి వదిలాడు, ఊడలేదు. పట్టుకుని నొక్కాడు. అలిసి ఆగాడు, మళ్లీ నొక్కాడు. బేరింగు అంచు నుంచి ఇసుక కలిసిన నల్లటి పాత గ్రీజు మెల్లమెల్లగా బయటికొచ్చింది. చక్రం వెనకాల నిప్పిలుకు ఇనుప పైపు అందలేదు. "గది నువ్వు కొట్టు, నేను చూస్త," అని కొడుక్కి చెప్పి, తర్వాతి దానికి కుర్చీ జరపమన్నాడు.

అంతలో కొడుకు ఫోను మోగింది. చిన్నకోడూరు నుంచి, మిల్లరు ఇప్పుడే పంపమని. కొడుకు ఆయన వైపు చూశాడు.

"ఇయ్య. ఇంకా నల్ల గ్రీజే వస్తుంది. కొత్తది కనవడ్డంక ఇస్త."

"మా బాపు ఇస్తలేడన్నా," అన్నాడు కొడుకు ఫోనులో. అవతలి మనిషి అరిచాడు. "అయితే నువ్వే మాట్లాడు," అని కొడుకు ఫోనును ఆయన ముందు పెట్టాడు.

ఆయన తల ఎత్తలేదు.

"చెయ్యి ఖాళీ లేదని చెప్పు," అన్నాడు.