తుప్పు బండికి అత్త పెట్టిన ఖర్చు

చేపలమ్మే మా మేనత్త పోయింది. కార్తీకమాసం, చేపల బేరం లేని రోజులు. తెల్లవారుజామున నిద్రలోనే గుండె ఆగిపోయిందని ఆమె కొడుకు, అంటే మా బావ, ఫోన్ చేశాడు. మేడ్చల్‌లో నా టైలరింగ్ షాపు తెరవకుండానే ఆటో ఎక్కి శామీర్‌పేట పోయాను. ఏడవడానికి పోయినదాన్ని మండిపోతూ తిరిగొచ్చాను.

ఎందుకంటే చెబుతాను. మనిషిని ఇంకా ఇంటి ముందు పడుకోబెట్టే ఉంచారు. పక్కనే కుర్చీల్లో కూర్చున్న మగవాళ్ళు ఆమె బండి గురించి మాట్లాడుకుంటున్నారు. తుప్పు పట్టిన బండికి పోసిన పైసలతో అర తులం బంగారం వచ్చేదని ఒకాయన లెక్క తేల్చాడు. ముసలితనంలో అదొక పిచ్చి అని ఇంకొకాయన తల ఊపాడు. బావ వాళ్ళ మధ్యనే వింటూ కూర్చున్నాడు. చనిపోయినవాళ్ళ గురించి మంచే మాట్లాడాలంటారు. బతికున్నవాళ్ళ గురించి అలాంటి నియమం ఏమీ లేదు కాబట్టి ఇది రాస్తున్నాను.

మేడ్చల్ మార్కెట్‌లో చేపలు కొన్నవాళ్ళు మా అత్తను చూసే ఉంటారు. ఒక కాలు మడిచి పీట మీద కూర్చుని, చేపను ఎవరైనా వేలితో నొక్కితే చెయ్యి మీద చిన్నగా ఒకటి వేసేది. కళ్ళు చూసి కొనమనేది. నొక్కి చూసుకోవడానికి అదేమన్నా పరుపా అనేది. ఇంటికి పోయాక శనగపిండితో చేతులు రుద్దుకుని, వాసన పోయిందా లేదా అని నా ముక్కు దగ్గర పెట్టేది. పోకపోయినా పోయిందనేదాన్ని.

మామ చిన్న వయసులోనే పోయాడు. అప్పట్లో చేపల గంపతో ఆమె బస్సెక్కితే కండక్టర్ దిగమనేవాడు. ఆటోవాళ్ళు వాసనకు వేరే చార్జీ అడిగేవాళ్ళు. ఒక రోజు వానలో, సగం దారిలో, గంపతో సహా దింపేస్తే అలియాబాద్ దాటి నడుచుకుంటూ వచ్చింది. ఆ తర్వాతే కమీషన్ ఏజెంటు దగ్గర కూలికి కూర్చుంది. చేపలు అతనివి, గొంతు ఈమెది. చాలా ఏళ్ళ తర్వాత, నలభై దాటాక, ఒక పాత వ్యాన్ కారు కొన్నది. అప్పటికే అది ఏదో బడి పిల్లలను మోసీ మోసీ అలసిపోయిన బండి. వెనక సీట్లు పీకించి చేపల డబ్బాలు పెట్టించింది. డ్రైవింగ్ నేర్చుకుంటుంటే వాడకట్టు ఆడవాళ్ళే నవ్వారు. మొదటిసారి నన్ను పక్కన కూర్చోబెట్టుకుని మేడ్చల్ రోడ్డు మీద పోతూ ఒక మాట అన్నది.

"ఇగ గిండ్లకెల్లి నన్ను దిగుమనేటోడు లేడే."

ఆ బండి ఆమెకు ఏమిటో ఈ ఒక్క మాటలో ఉంది. అర తులం లెక్క తేల్చిన పెద్దమనిషికి ఏ రోజూ ఎవరూ దిగమని చెప్పి ఉండరు.

చేపల బండికి తుప్పు ఎలా పడుతుందో తెలుసా? చేపలు జల్దీ చల్లబడాలని ఐసులో కల్లుప్పు కలుపుతారు. ఆ ఉప్పు నీళ్ళు డబ్బాల్లోంచి కారి రేకు మీద పడతాయి. నీళ్ళు రేకుకు తగలకూడదని మా అత్త కింద మందపాటి రబ్బరు చాప, దాని మీద గోనెసంచులు పరిచింది. బండిని కాపాడుతున్నాననుకుంది. నిజానికి ఆ నీళ్ళను కదలకుండా రేకుకు అతికించి పెట్టింది. చేపలమ్మే మా ఇళ్ళలో అందరూ ఇదే తప్పు చేస్తారు. పైన పొడిగా కనిపిస్తుంది కాబట్టి కింద కూడా పొడిగానే ఉందనుకుంటారు.

దానికి తోడు దసరా రంగు. మా దగ్గర దసరాకు బండి కడిగి, నిమ్మకాయ కట్టి, బొట్టు పెడతారు కదా. ఆమె దానితో పాటు తలుపుల కింద ఎక్కడ పొక్కు లేస్తే అక్కడ రంగు వేయించేది. పండగనాడు బండి పెళ్ళికూతురే. సంక్రాంతి దాటేసరికి ఆ రంగు కిందనే మళ్ళీ పొక్కులు. పోయినేడు దసరాకు పొక్కులు చిల్లులయ్యాయి. హైవే మీద ఒక షెడ్డుకు తీసుకుపోతే, అతను రెండు రోజుల్లో మొత్తం చేసిస్తానని పన్నెండు వేలు తీసుకున్నాడు. బండి తళతళలాడుతూ వచ్చింది. కింద నల్లటి పూత. అత్త మురిసిపోయి అతనికి రెండు కిలోల రవ్వచేప ఊరికే ఇచ్చింది.

ఆ చేపలను తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

మిరుగం వచ్చింది. మృగశిర కార్తె మొదటి రోజు మన ఇళ్ళలో చేప తినని వాళ్ళు తక్కువ. ఏడాదిలో మా అత్తకు అంతకు మించిన బేరం లేదు. ఆ పొద్దున డబ్బాలు నిండా నింపి వస్తుంటే, మేడ్చల్ చెక్‌పోస్ట్ దగ్గర ఒక గుంతలో దూకి బండి వెనక భాగం పటేలుమంది. కోడలు, అంటే బావ భార్య, పక్కన కూర్చుని ఉంది. వెనక్కి తిరిగి చూస్తే ఒక డబ్బా మూల కిందికి దిగి, దాని పక్క సందులోంచి రోడ్డు కనిపిస్తోంది. అత్త బండి పక్కకు ఆపి, దగ్గర్లోని కట్టెల అడితిలో ఒక చెక్క అడిగి తెచ్చి, డబ్బా కింద వేసి, మార్కెట్‌కు పోయి ఉన్న చేపలన్నీ అమ్మింది. మధ్యాహ్నానికి ఖాళీ అయ్యాక, చిల్లు పక్క నుంచి ఊడొచ్చిన ఒక పెచ్చు చేత పట్టుకుని ఆ షెడ్డుకు పోయింది. దారిలో నా షాపు దగ్గర ఆగి నన్నూ రమ్మంది.

ఆ పెచ్చు రేకు కాదు. రంగుకు ముందు గుంతలు పూడ్చే లప్పం. విరిచి చూస్తే లోపల మడతలు పెట్టిన పాత పేపరు. చిల్లులో పేపరు కుక్కి, మీద లప్పం మెత్తి, నల్లరంగు కొట్టాడు. అత్త అరవలేదు. దాన్ని అతని బల్ల మీద పెట్టింది.

"నీకిచ్చిన శాపల కడుపుల నేనేమన్న కాగితం కుక్కిన్నా తమ్మీ?"

పాత బండికి అందరూ ఇలాగే చేస్తారని, రేకు కోసి వేయాలంటే బండి ధర కన్నా ఎక్కువవుతుందని, ఆ మాట చెబితే ఎవరూ చేయించుకోరని అతను అన్నాడు. సిగ్గు లేకుండా, ఏదో మేలు చేసినట్టు అన్నాడు. పైసలు వాపసు రాలేదు. నేను పోలీసుల మాట ఎత్తితే అత్త నా చెయ్యి పట్టుకుని బయటికి తీసుకొచ్చింది. తప్పు ఆమెది కాదు, దొంగతనం అతనిది. అయినా మెట్లు దిగుతుంటే తల దించుకున్నది ఆమె. అది నేను మరిచిపోను.

ఇంట్లో గొడవ అప్పుడు మొదలైంది. బావ కుత్బుల్లాపూర్‌లో ఒక ఫ్యాక్టరీలో పని చేస్తాడు, నెల జీతం మనిషి. పాతది తూకానికి వేసి, కిస్తుల్లో కొత్తది తీసుకుందామన్నాడు. వినడానికి బాగానే ఉంటుంది. అత్త అడిగింది ఒక్కటే.

"శ్రావణంల కిస్తు ఎవలు కడతరు? కార్తీకంల ఎవలు కడతరు? నెల నెల జీతం నీకొస్తది బిడ్డా, శాపకు రాదు."

జనం చేపలు మానేసే నెలల్లో కూడా బ్యాంకువాడు మానడు. ఇంత చిన్న సంగతి ఆమె కొడుక్కు అర్థం కాలేదు. లేదా అర్థం చేసుకునే అవసరం లేకపోయింది.

శ్రావణం దాకా చెక్క మీదనే నడిపింది. బేరం పడిపోయాక తుర్కపల్లి దారిలో ఉన్న ఒక వెల్డింగ్ మేస్త్రీకి బండి ఇచ్చింది. అతను చాప ఎత్తి చూసి, ఇరవై వేల దాకా అవుతుందని, కానీ కోస్తే గానీ అసలు సంగతి తెలియదని, ఇవాళ చెప్పిన ధర రేపు ఉండదని ముందే చెప్పాడు. ఉండలేదు కూడా. అరచేతంత చిల్లు కోస్తే చుట్టూ చాటంత కుళ్ళు బయటపడింది. తలుపుల కింద పట్టీలు చేత్తో నలిపితే పొడిపొడి అయ్యాయి. డ్రైవరు సీటు బిగించిన చోట కూడా రేకును తుప్పు సగం తినేసింది. ఇరవై వేలు యాభై రెండయ్యాయి. బండినే అమ్మినా అంత వస్తుందో రాదో. ప్రతి ముక్క దగ్గరా అత్త అతనితో కొట్లాడింది. అతనూ తక్కువవాడు కాదు, పది రోజుల పని అని నెలన్నర తిప్పాడు. ఆ నెలన్నర ఆమె మళ్ళీ ఆటోవాళ్ళను బతిమాలుకుంది. ఆ ఖర్చు ఏ పెద్దమనిషీ లెక్కలో వేయలేదు. చిట్టీని నష్టానికి ఎత్తి పైసలు కట్టింది.

బండి వచ్చాక రబ్బరు చాప అవతల పారేసింది. మేస్త్రీ వదిలిన కన్నాల్లోంచి నీళ్ళు కారిపోవాలని, రోజూ బేరం అయ్యాక మంచినీళ్ళతో కడిగి, తలుపులన్నీ తెరిచి ఎండకు పెట్టేది. కోడలికి కూడా ఆ పని నేర్పింది, బండి నడపడమూ నేర్పింది. ఎవరైనా దసరాకు రంగు వేయించలేదేమని అడిగితే, "రంగేస్తే తుప్పు దాగుతది గని ఆగది" అనేది. ఈ దసరాకు బండి పాత రంగులోనే, కింద వెల్డింగ్ అతుకులు కనబడుతుండగా, నిమ్మకాయ కట్టించుకుంది. ఆమె ముఖంలో అంత ధీమా నేను ఏ పండగకూ చూడలేదు. నెల తిరగకుండానే పోయింది. నాకు దేవుడి మీద కూడా కోపమే.

దినాలనాడు భోజనాలు నడుస్తుండగా పాత ఇనుము కొనేవాడు వచ్చాడు. బావే పిలిపించాడు. వచ్చినవాడు బండి చుట్టూ తిరిగి, పెదవి విరిచి, తుప్పు బండి కాబట్టి కిలో లెక్కనే కడతానన్నాడు. ఎంత కుళ్ళిందో అందరికీ చూపించాలని వెనక తలుపు తీసి సుత్తితో అడుగు రేకు మీద ఒక దెబ్బ వేశాడు.

ఖణేలుమంది.

విస్తళ్ళ ముందు కూర్చున్నవాళ్ళు తలలెత్తారు. వాడు ఇంకో మూల కొట్టాడు. మళ్ళీ ఖణేలుమంది. వంటల దగ్గర నుంచి కోడలు తడి చేతులతోనే వచ్చి బండి పక్కన నిలబడింది. ఆ ఇంట్లో ఆమె గొంతు పెద్దదవడం నేనెప్పుడూ వినలేదు.

"ఇంక కొట్టు అన్నా. ఏడ బోలు మోగితే ఆడికే కొనుక్కపో."

అర తులం పెద్దమనిషి ముద్ద చేతిలోనే పట్టుకుని చూస్తున్నాడు. ఇనుపవాడికి పౌరుషం వచ్చినట్టుంది. తలుపుల కింద కొట్టాడు, సీటు కింద కొట్టాడు, చివరికి నేల మీద వెల్లకిలా పడుకుని బండి కిందికి దూరాడు. మాకు వాడి కాళ్ళు మాత్రమే కనిపిస్తున్నాయి. లోపలి నుంచి సుత్తి దెబ్బలు ఒకదాని వెనక ఒకటి, గట్టిగా, ఎక్కడా బోలు మోగకుండా, వీధి చివరిదాకా వినిపిస్తున్నాయి.