కుచ్చులు చూసి కొన్న తాళాలు

మాది ఉద్దానంలో కొబ్బరితోటల ఊరు. నిరుడు మా ఆడవాళ్ల భజన బృందం టెక్కలిలో పోటీకి పేరిచ్చింది. కొత్త తాళాలు కొనే పని నాకు అప్పగించారు.

పలాసలో కొట్టాయన రెండు రకాలు చూపించాడు. ఒకటి కాస్త మసకగా ఉన్న కంచువి. రెండోవి అద్దంలా మెరుస్తున్నాయి, పైగా ఎర్రపట్టు కుచ్చులు! మా చీరలకు భలే నప్పుతాయని ఆరు జతలూ అవే తీసుకున్నాను. ఆయన వాయించి చూడమన్నా, గీతలు పడతాయని వద్దన్నాను. పోటీ దాకా ఇంట్లో కూడా ఎవరినీ ముట్టుకోనివ్వలేదు.

వేదిక మీద అందరం ఒక్కసారిగా వాయించాం. ఖంగుమనాల్సినవి సత్తుగిన్నె మీద గరిటెతో కొట్టినట్టు టకటకమన్నాయి. జనం ఒకటే నవ్వు. పాట ఎత్తుకున్న మా అత్తగారు ఆపేసి నా వైపు తిరిగారు. మైకు ఆవిడ నోటి దగ్గరే ఉంది.

“ఏటే పిల్లా! దేవుడికి కొబ్బరికాయ తియ్యాలంటే నాలుగు కాయలు ఏలితో కొట్టి, సెవికాడెట్టి ఇంటావు. ఈటిని ఓపాలి కొట్టి సూడనేదేటి?”

టెక్కలంతా విన్నట్టే అనిపించింది.

ఆ తాళాలు ఇప్పుడు మా షోకేసులో ఉన్నాయి. వచ్చిన చుట్టాలందరూ “అబ్బ, ఎంత బాగున్నాయో!” అంటారు. ఒళ్లు మండిపోతుంది.